ఓపెత్ ‘ఘోస్ట్ రెవరీస్’ 5.1 డీవీడీ: చెన్నై ఫ్లాట్‌లో విని రాస్తున్న రివ్యూ

మెటల్‌కి (హోరెత్తే గిటార్ల రాక్ సంగీతానికి) సరౌండ్ (చుట్టూ స్పీకర్లు పెట్టి వినడం) ఎందుకు, రెండు స్పీకర్లు గట్టిగా మోగితే చాలదా అని అడిగేవాళ్ళు నా చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ కలిపి ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 2005లో ‘ఘోస్ట్ రెవరీస్’ అనే ఆల్బమ్ తెచ్చింది, మరుసటి ఏడాది దానికే స్పెషల్ ఎడిషన్ ఒకటి వచ్చింది. అందులో సీడీతో పాటు ఒక డీవీడీ ఉంటుంది, ఆ డీవీడీలో ఆల్బమ్ మొత్తం 5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ (కింది స్వరాల స్పీకర్‌కి) శబ్దాలని విడివిడిగా పంచిన రూపంలో ఉంటుంది, ఆల్బమ్ ఎలా తయారైందో చూపించే డాక్యుమెంటరీ కూడా ఉంటుంది. డీప్ పర్పుల్ వాళ్ళ ‘సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్’ని వీళ్ళు పాడింది అదనం. నేను చెప్పబోయేది ఆ డీవీడీ గురించి. దొరికితే వదలకండి అనేదే నా మాట, కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి, అవి చెప్పకుండా కొనమనడం న్యాయం కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

చెన్నైలో ఉండే మెటల్ జనాలకి ఓపెత్ అంటే ఒక ప్రత్యేకమైన అభిమానం. 2009లో వాళ్ళు ఐఐటీ మద్రాస్ వాళ్ళ సారంగ్ ఉత్సవానికి వచ్చి వాయించారు, ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ ఆ మాటెత్తితే చాలు గంటసేపు చెబుతారు. కానీ ఓపెన్ గ్రౌండ్‌లో విన్నదానికీ రికార్డులో విన్నదానికీ సంబంధం తక్కువ. పెద్ద షోలలో స్టేజీకి రెండు పక్కలా వేలాడదీసిన స్పీకర్లలో చాలావరకు రెండువైపులా ఒకటే సౌండ్ పోతుంది, ఎందుకంటే ఎడమ చివర నిలబడ్డవాడికి కుడివైపు గిటార్ వినపడకపోతే వాడు టికెట్ డబ్బులు వాపసు అడుగుతాడు. అక్కడ మనల్ని కొట్టేది జనం, హోరు, ఛాతీ మీద పడే డ్రమ్ము. పాటలో ఎన్ని పొరలున్నాయో తెలియాలంటే ఇంట్లోనే కూర్చోవాలి.

ఈ ఆల్బమ్‌లో పొరలకి కొదవ లేదు. ఎనిమిది పాటలు, గంటకి పైగా నిడివి, అందులో నాలుగు పాటలు ఒక్కొక్కటీ పది నిమిషాలు దాటతాయి. గాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ గొంతు గ్రోల్ (గర్జించినట్టు పాడే పద్ధతి) నుంచి మెత్తటి పాటలోకి, మళ్ళీ గ్రోల్‌లోకి ఒకే పాటలో ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెట్టలేం. కీబోర్డ్ వాయించే పెర్ వీబెర్గ్ బ్యాండ్‌లో పూర్తిస్థాయి సభ్యుడిగా చేసిన మొదటి ఆల్బమ్ ఇదే, అందుకే మెలోట్రాన్, హామండ్ ఆర్గన్, పియానో ఇందులో అలంకారంగా కాకుండా పాట నిర్మాణంలోనే కలిసిపోయాయి. డ్రమ్మర్ మార్టిన్ లోపెజ్‌కీ, గిటారిస్ట్ పీటర్ లిండ్‌గ్రెన్‌కీ ఓపెత్‌తో ఇదే చివరి స్టూడియో ఆల్బమ్. రికార్డింగ్ స్వీడన్‌లోని ఓరెబ్రూలో, ఫాసినేషన్ స్ట్రీట్ స్టూడియోలో, యెన్స్ బోగ్రెన్‌తో జరిగింది. ఇంకో సంగతి, ఈ ఆల్బమ్‌లో చాలా పాటలకి గిటార్లని మామూలుగా కాకుండా డీ-ఏ-డీ-ఎఫ్-ఏ-ఈ అనే ఓపెన్ ట్యూనింగ్‌లో శ్రుతి చేశారు. అలా చేస్తే నొక్కకుండా వదిలేసిన తీగలు కూడా డీ మైనర్‌లోనే మోగుతూ ఉంటాయి, తంబుర మోగుతున్నట్టు పాట కింద ఒక శ్రుతి నిలబడి ఉంటుంది. స్టీరియోలో (రెండే స్పీకర్లలో) ఈ మోత డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని కావాలని గరుకు చేయడం) కింద నలిగిపోతుంది. దీన్ని బయటికి తీసి వినిపించడమే ఈ 5.1 చేసిన అన్నిటికంటే పెద్ద మేలు అని నా అభిప్రాయం.

ఎందుకు నలిగిపోతుందో చెప్పాలి. మెటల్ రికార్డింగ్‌లో ఒకే రిఫ్‌ని (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరసని) రెండుసార్లు, ఒక్కోసారి నాలుగుసార్లు విడివిడిగా వాయించి, సగం పూర్తిగా ఎడమకీ సగం పూర్తిగా కుడికీ పెడతారు. ఆ వెడల్పు, ఆ గోడ కట్టినట్టుండే సౌండ్ దానివల్లే వస్తుంది. అయితే డిస్టార్షన్ వేసిన గిటార్ మధ్యస్థాయి (మరీ కిందా మరీ పైనా కాని స్వరాలు) మొత్తాన్నీ నింపేస్తుంది, మనిషి గొంతూ, స్నేర్ డ్రమ్మూ, ఆర్గనూ ఉండేది కూడా సరిగ్గా అక్కడే. ఒకే స్పీకర్ నుంచి ఒకే స్థాయిలో రెండు శబ్దాలు వస్తే చెవి పెద్దదాన్ని పట్టుకుని చిన్నదాన్ని వదిలేస్తుంది. అవే రెండు శబ్దాలు వేరువేరు దిక్కుల నుంచి వస్తే రెండూ వినపడతాయి. గోలగా ఉన్న పెళ్ళి పందిట్లో కూడా పక్కనుంచి ఎవరైనా మన పేరు పిలిస్తే తెలిసిపోతుంది కదా, ఆ శక్తి రెండు చెవులున్న ప్రతి మనిషికీ ఉంది. స్టీరియోలో మిక్సింగ్ ఇంజనీరు ఒకదాన్ని తగ్గించి, ఇంకోదాన్ని కోసి, ఎలాగోలా అన్నీ ఇరికిస్తాడు. సరౌండ్‌లో అతనికి అలా కోయాల్సిన అవసరం తగ్గుతుంది. శాస్త్రీయ సంగీతానికి సరౌండ్ అంటే హాలు వాతావరణం. మెటల్‌కి సరౌండ్ అంటే చోటు. అందుకే అన్ని సంగీతాలకంటే మెటల్‌కే ఇది ఎక్కువ అవసరం అంటాను.

ఇక సెటప్ సంగతి. చెన్నైలో ఉన్నవాళ్ళు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్ళకుండా ఈ పని మొదలుపెట్టరు, నేనూ అక్కడికే వెళ్ళాను. అక్కడ ‘5.1’ అని డబ్బా మీద రాసిన సెట్లు వరసగా పేర్చి ఉంటాయి, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఎఫ్ఎం, రంగురంగుల లైట్లు అన్నీ ఉంటాయి. కొట్టాయనకి తెలుగు వచ్చు.

“ఐదు స్పీకర్లూ మోగుతాయి సార్, నమ్మి తీసుకెళ్ళండి.”

“మోగుతాయి అన్నా, వెనకవాటిలో వేరే సౌండ్ వస్తుందా, ముందు వచ్చేదే వెనకా వస్తుందా?”

“పాటలకి అదే కదా సార్ అందరూ అడిగేది.”

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ సెట్లలో చాలావాటికి డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే సరౌండ్ ఫార్మాట్లని విడదీసే డీకోడర్ ఉండదు. స్టీరియోనే తీసుకుని నాలుగు మూలలా పంచిపెడతాయి. వాటిలో ఈ డీవీడీ వేస్తే ఉపయోగం లేదు, ఆల్బమ్‌ని నాలుగు మూలలా నాలుగుసార్లు విన్నట్టుంటుంది, గిటార్ ఎక్కడుందో కూడా తెలియదు. డబ్బా వెనక ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉందా, డీకోడర్ పేరు రాసి ఉందా అని చూసుకోండి. ఇంకా మంచిది, 5.1 ఉన్న ఏదైనా డీవీడీ చంకలో పెట్టుకుని వెళ్ళి అక్కడే వేయించుకుని వినండి. అదే వీధిలో లోపలి సందుల్లో పాత ఏవీ రిసీవర్లు (డీకోడరూ ఆంప్లిఫయరూ కలిసిన డబ్బాలు) దొరుకుతాయి, జనం 4కే టీవీలు కొన్నాక అమ్మేసినవి. వీడియోకి అవి పనికిరావేమో గానీ ఈ డీవీడీకి నూటికి నూరుపాళ్ళూ పనికొస్తాయి. నాకు 12 వేలకి ఒకటి వచ్చింది. స్పీకర్లు మాత్రం ఐదూ ఒకే కంపెనీవి, ఒకే వరసవి తీసుకోండి. ముందొక రకం వెనకొక రకం పెడితే గొంతు ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళేసరికి మనిషే మారిపోయినట్టుంటుంది.

సెట్టింగులు నాలుగు మాటల్లో చెప్పేస్తా, కానీ వీటిమీదే అంతా ఆధారపడి ఉంది. డీవీడీ ప్లేయర్‌లో ఆడియో అవుట్‌పుట్ ‘పీసీఎం’ అని ఉంటే ‘బిట్‌స్ట్రీమ్’కి మార్చండి. ఆప్టికల్ కేబుల్ వాడుతూ పీసీఎం మీద ఉంచితే ప్లేయరే ఆరు చానళ్ళనీ కలిపి స్టీరియో చేసి పంపుతుంది, మీరు సరౌండ్ అనుకుని స్టీరియో వింటూ ఉంటారు. రిసీవర్‌లో ‘నైట్ మోడ్’, ‘డైనమిక్ రేంజ్ కంప్రెషన్’ లాంటివి ఆపేయండి, ఓపెత్ పాటల ప్రాణమంతా మెల్లగా ఉన్నదానికీ గట్టిగా ఉన్నదానికీ మధ్య తేడాలోనే ఉంది, ఆ సెట్టింగు దాన్ని చదును చేసేస్తుంది. చిన్న స్పీకర్లయితే ‘స్మాల్’ అని పెట్టి 80 హెర్ట్జ్ దగ్గర క్రాసోవర్ (అంతకంటే కింది స్వరాలని సబ్‌వూఫర్‌కి పంపే హద్దు) ఇవ్వండి. ఈ ట్యూనింగ్‌లో గిటార్ కింది తీగ 73 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, బేస్ గిటార్‌లో డీ స్వరం 37 దగ్గర ఉంటుంది, జానెడు స్పీకర్ అంత కిందికి దిగలేదు, ఆ పని సబ్‌వూఫర్‌కి వదిలేయాలి. వెనక స్పీకర్లు అందరూ అనుకునేట్టు వెనక గోడకి మూలల్లో కాదు, మన చెవులకి పక్కగా, కొంచెం వెనక్కి, ఎదురుగా ఉన్న మధ్య స్పీకర్ నుంచి లెక్కిస్తే నూటపది డిగ్రీల దగ్గర ఉండాలి. చివరగా రిసీవర్లోని టెస్ట్ టోన్ వేసి ఐదు స్పీకర్లూ ఒకే మోతాదులో వినపడేలా సరిచేయండి, ఫోన్‌లో డెసిబెల్ చూపించే యాప్ ఏదైనా చాలు. వెనకవాటిని కావాలని పెంచుకోవాలనిపిస్తుంది, పెంచకండి. పెంచితే మొదటి పాట బ్రహ్మాండంగా ఉంటుంది, మూడో పాటకి తలనొప్పి వస్తుంది.

మొదటిసారి విన్నప్పుడు నాతో పాటు మా మామయ్య ఉన్నాడు. తెలుగు సినిమాలు మద్రాసులో తయారయ్యే రోజుల్లో కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో పనిచేసి రిటైరయ్యాడు, రీరికార్డింగ్‌లో యాభైమంది వాయిద్యకారులని ఒక్క ట్రాక్‌లోకి ఎలా పట్టించేవాళ్ళో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు చెబుతాడు. మెటల్ అంటే ఆయనకి ఇష్టం లేదు, కానీ చెవి అంటే ఆయనదే చెవి. ఆయన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి నేను కాస్త వెనక నిలబడ్డా.

‘ఘోస్ట్ ఆఫ్ పెర్డిషన్’ మొదలవగానే కొద్ది సెకన్లు ఒక గిటార్ మాత్రమే మెల్లగా వినపడుతుంది, ఏమాత్రం హెచ్చరిక లేకుండా గ్రోల్‌తో సహా బ్యాండ్ మొత్తం పడుతుంది. సీడీలో ఆ క్షణం ఎదురుగా గోడ లేచినట్టుంటుంది. ఇక్కడ గోడ ఎదురుగా లేదు, మనం దాని లోపలే ఉన్నాం. ముందు నుంచి డ్రమ్స్, బేస్, గొంతు నిలకడగా వస్తుంటే గిటార్లు రెండు పక్కలకీ విచ్చుకున్నాయి, కీబోర్డులూ రివర్బూ (ప్రతిధ్వనీ) వెనక్కి పాకాయి. మామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. పాట సగంలో క్లీన్ వోకల్స్ (గ్రోల్ లేని మామూలు గొంతు) వచ్చే చోట వాల్యూమ్ తగ్గించమని సైగ చేస్తాడేమో అనుకున్నా, అలా ఏమీ చేయలేదు.

“డ్రమ్ముల్ని కదపలేదు చూడు, ముందే ఉంచాడు. పని తెలిసినవాడురా.”

“వెనక్కి పెడితే ఏమవుతుంది మామయ్యా?”

“తాళం ఒకచోట నిలబడాలి. అది నిలబడితే మిగతావాళ్ళు ఎటు పోయినా పాట పడిపోదు.”

ఆ ఒక్క మాటలో ఈ మిక్స్ గుణం మొత్తం ఉంది. సరౌండ్ అనగానే చాలామంది ఊహించుకునేది తల చుట్టూ గిరగిరా తిరిగే గిటార్. అది డెమో కోసం చేసే పని. ఇందులో తిప్పుడు లేదు, తాళం ముందు నిలబెట్టి, చుట్టూ ఉన్న చోటుని పాటకి ఇచ్చారు. మెటల్‌లో రిఫ్ బలం డ్రమ్మూ గిటారూ బేసూ ఒకే క్షణంలో పడటంలో ఉంది, వాటిని గదిలో నాలుగు దిక్కులకీ విసిరేస్తే ఆ దెబ్బ పోతుంది.

‘బినీత్ ద మైర్’ మొదట్లో మెలోట్రాన్ ఉంది. మెలోట్రాన్ అంటే ప్రతి మీట కిందా ఒక టేపు ముక్క, మీట నొక్కితే ఆ టేపు ఆడుతుంది, దానిమీద నిజం వయొలిన్లో, ఫ్లూటో, గాయక బృందమో రికార్డయి ఉంటుంది. టేపు కాబట్టి స్వరం కాస్త వణుకుతుంది. ఇన్నేళ్ళూ సీడీలో ఈ పాట విన్నప్పుడు నాకు వినపడింది గిటార్ల వెనకెక్కడో ఒక తీగవాద్యం రంగు మాత్రమే. ఇక్కడ ఆ వణుకు వినపడింది. ప్రతి స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పోల్చుకోగలిగా. ఇదే పాట మళ్ళీ సీడీలో వేసి విన్నా, అది అక్కడా ఉంది, కానీ వెతుక్కుంటే తప్ప దొరకదు.

అయితే ఈ డీవీడీకి ప్రాణం నా దృష్టిలో ‘అటోన్‌మెంట్’. గ్రోల్ లేదు, పెద్ద రిఫ్ లేదు, చేతులతో వాయించే డప్పులు ఒకే నడకని పట్టుకుని వదలకుండా నడుస్తాయి, దాని మీద గిటార్ ఒక చిన్న పల్లవిని మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది, గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది. సీడీలో ఈ పాటని దాటేసి తర్వాతి పాటకి వెళ్ళేవాళ్ళు నాకు తెలుసు. సరౌండ్‌లో దాటేయలేరు. చేతి వేళ్ళు తోలు మీద పడే చిన్న చప్పుడుకీ, అరచేయి పడే బరువైన చప్పుడుకీ తేడా విడిగా తెలుస్తుంది. ఆ నడక సాగేకొద్దీ గదిలో గాలి చిక్కబడుతున్నట్టనిపించింది, ఇంతకంటే మంచి మాట నాకు దొరకడం లేదు. చివర్లో వాయిద్యాలన్నీ తగ్గిపోయి పియానో మిగిలే చోట మామయ్య కళ్ళు తెరిచి, “ఇది ఇంకోసారి వెయ్యి” అన్నాడు. మెటల్ ఆల్బమ్‌లో పాటని ఆయన మళ్ళీ వేయమని అడగటం అదే మొదలు.

‘అవర్స్ ఆఫ్ వెల్త్’ కూడా అదే దారిలో బాగుంది, పియానో మీద ఒంటరిగా పాడే భాగంలో గొంతు మధ్య స్పీకర్‌లో అంత దగ్గరగా ఉంటే పెదాలు విడిపోయే చప్పుడు కూడా వినాల్సి వస్తుంది, అది నాకు నచ్చింది. ‘హార్లెక్విన్ ఫారెస్ట్’ చివర ఆగి ఆగి పడే రిఫ్ వెడల్పుగా, లెక్కకి దొరికేలా వినపడింది. సీడీలో అదే భాగం నాకు ఎప్పుడూ కొంచెం చిందరవందరగా అనిపించేది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ‘ద గ్రాండ్ కంజురేషన్’ నాకు స్టీరియోలోనే నచ్చింది, ఇప్పటికీ అదే అంటాను. ఆ పాట అసలు బలం అంతా ఒక్క ముద్దగా వచ్చి మీద పడటంలో ఉంది. విడదీసి పరిచేసరికి అది పెద్దదైంది గానీ పదును తగ్గింది. చోటు ప్రతి పాటకీ మేలు చేయదు, ఇరుకులోంచే పుట్టిన పాటలు కొన్ని ఉంటాయి. రెండోది, ఇది మామూలు డీవీడీ-వీడియో, డీవీడీ-ఆడియో కాదు. డీవీడీ-ఆడియోలో ఏమీ పోగొట్టని నాణ్యతతో సరౌండ్ ఇవ్వొచ్చు. డీవీడీ-వీడియోలో సరౌండ్ సౌండ్‌ని మామూలుగా బాగా కుదించి ఇస్తారు, ఉదాహరణకి డాల్బీ డిజిటల్‌కి ఆరు చానళ్ళకీ కలిపి గరిష్ఠంగా సెకనుకి 448 కిలోబిట్లే. సీడీలో రెండు చానళ్ళకే 1411 ఉంటుంది. ఎక్కడ తెలుస్తుందంటే సింబల్స్‌లో. లోపెజ్ రైడ్ సింబల్ వాయించే చోట సీడీలో కంచు మోత చివరిదాకా సాగుతుంది, ఇక్కడ చివర్లో కొంచెం ఇసుక రాలినట్టుంది. మంచి సంగతి ఏమిటంటే మామూలు డీవీడీ ప్లేయర్ ఏదైనా దీన్ని ఆడిస్తుంది, ప్రత్యేకంగా యంత్రం వెతుక్కోనక్కర్లేదు. మూడోది, సీడీకీ దీనికీ ఒకే వాల్యూమ్ పెట్టి పోల్చకండి, డీవీడీ మెల్లగా ఉంటుంది. వాల్యూమ్ పెంచి సమానం చేశాకే పోల్చండి, లేకపోతే ఏది గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది.

ఇక చెన్నైకి సంబంధించినవి కొన్ని. ఇక్కడ మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం కుదరదు, ఫ్యాన్ తిరుగుతుంటే ‘అటోన్‌మెంట్’ మొదలూ ‘ఐసొలేషన్ ఇయర్స్’ చివరా సగం గాలికి పోతాయి. పాట వేసే ముందు గది చల్లబరిచి, ఫ్యాన్ ఆపి, ఏసీని మెల్లటి స్పీడులో పెట్టుకోవడమే మార్గం. సముద్రం దగ్గర, తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ వైపు ఉన్నవాళ్ళు స్పీకర్ వైర్ కొసలు అప్పుడప్పుడు విప్పి చూడండి, ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది, వెనక స్పీకర్‌లో గరగర వస్తే రిసీవర్ పోయిందని కంగారుపడే ముందు కొస కత్తిరించి కొత్తగా చుట్టండి. ఫ్లాట్లలో అసలు సమస్య గోడలు కాదు, శ్లాబు. సబ్‌వూఫర్ నేలమీద నేరుగా పెడితే కింది ఇంట్లో పాత్రలు కదులుతాయి. దాని కింద దళసరి రబ్బరు మ్యాటు వేసి, మూల నుంచి అడుగు దూరం జరిపితే కింది ఇంటికీ మంచిది, మన వినికిడికీ మంచిది, మూలలో పెట్టిన సబ్‌వూఫర్ ఒకే స్వరాన్ని పట్టుకుని బుమ్మని మూలుగుతుంది. మా కింది ఇంటి పాటికి (తమిళంలో పాటి అంటే అవ్వ) ముందే వెళ్ళి చెప్పా, “పాటీ, మధ్యాహ్నం కాసేపు గట్టిగా పెడతాను, ఇబ్బందైతే ఒక్క ఫోన్ చెయ్యండి” అని. ఆవిడ రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతారట, ఆ టైము వదిలేస్తే చాలన్నారు. నాలుగు తర్వాత నాకు ఏ అడ్డూ లేదు. ఇలా ముందే వెళ్ళి మాట్లాడుకుంటే వాచ్‌మన్ వచ్చి బెల్లు కొట్టే పరిస్థితి రాదు.

సౌండ్‌బార్‌తో పని అవుతుందా అని అడుగుతారు, ముందే చెబుతున్నా, వెనక విడి స్పీకర్లు లేని సౌండ్‌బార్ గోడలకి కొట్టి తిప్పి పంపిన సౌండ్‌తో సినిమా నడిపిస్తుంది గానీ ఈ ఆల్బమ్‌కి చాలదు. హెడ్‌ఫోన్‌లో స్పేషియల్ ఆడియో అని వచ్చేది వేరే విద్య, తలా చెవుల ఆకారం శబ్దాన్ని ఎలా మారుస్తాయో లెక్కగట్టి రెండు చెవుల్లోనే చుట్టూ ఉన్న భ్రమ కల్పిస్తారు. కొందరికి బాగా కుదురుతుంది, నా చెవులకి గిటార్లు ముందుకి రావు, తల లోపలే ఉండిపోతాయి. ఆపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి డాల్బీ అట్మాస్ (సరౌండ్‌లో కొత్త పద్ధతి) ఉంది, స్పీకర్లలో వినాలంటే ఆపిల్ టీవీ 4కే డబ్బాని హెచ్‌డీఎంఐతో అట్మాస్ రిసీవర్‌కి కలపడం తేలికైన దారి. కొత్త ఆల్బమ్‌లకి అదే సుఖం. పాతవాటిలో చాలావాటికి డిస్కులే దిక్కు.

డిస్కుల్లో ఇంకేం వెతకాలంటే, ఓపెత్‌నే తీసుకుంటే 2008 ‘వాటర్‌షెడ్’ స్పెషల్ ఎడిషన్‌లో కూడా 5.1 డీవీడీ ఉంది. 2015లో ‘డెలివరెన్స్’, ‘డామ్‌నేషన్’ రెండూ కలిపి మళ్ళీ విడుదల చేసినప్పుడు మొదటిదాన్ని బ్రూస్ సూర్డ్, రెండోదాన్ని స్టీవెన్ విల్సన్ సరౌండ్‌లోకి మార్చారు. మెత్తటి ఓపెత్ ఇష్టమైతే ‘డామ్‌నేషన్’తో మొదలుపెట్టండి, అందులో గ్రోల్ అనేదే లేదు, ఇంట్లో అమ్మానాన్నలు కూడా కూర్చుంటారు. మెటాలికా బ్లాక్ ఆల్బమ్ 2001లో డీవీడీ-ఆడియోగా 5.1లో వచ్చింది, 1991 నాటి ఆ డ్రమ్ సౌండ్ మీద ప్రేమ ఉన్నవాళ్ళు దానికోసం కష్టపడొచ్చు. ఇదేదో కొత్త మోజు అనుకునేవాళ్ళకి ఇంకో మాట, బ్లాక్ సబ్బాత్ ‘పారనాయిడ్’ 70ల్లోనే నాలుగు స్పీకర్ల క్వాడ్ మిక్స్‌లో వచ్చింది, 2009 డీలక్స్ ఎడిషన్‌లో దాన్ని డీవీడీ మీద మళ్ళీ ఇచ్చారు. మెటల్ పుట్టిన కొన్నేళ్ళకే దానికి నాలుగు దిక్కులూ ఇచ్చి చూశారన్నమాట.

‘ఘోస్ట్ రెవరీస్’ స్పెషల్ ఎడిషన్ ఇప్పుడు మన షాపుల్లో కొత్తది దొరకడం కష్టం. నాది అమెరికాలో ఉండే మా బావ వస్తూ పాత డిస్కుల షాపులో ఏరుకొచ్చాడు. మీ వాళ్ళెవరైనా బయటి దేశం నుంచి వస్తుంటే చెప్పి ఉంచండి, లేదా ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళ దగ్గర చూడండి. కొనేముందు అమ్మేవాణ్ణి రెండు విషయాలు అడగండి: లోపల రెండు డిస్కులూ ఉన్నాయా, డీవీడీ వెనకవైపు ఫొటో పంపుతారా. చాలామంది సీడీ ఒక్కటి ఉన్న మామూలు ఎడిషన్‌నే స్పెషల్ అని రాసి పెడుతున్నారు, కవర్ చూసి డబ్బు పంపకండి.